జాబితాలను కలుపువేళ జారిపోవువారు

మన కళాశాల కార్యాలయంలోని ఇనుప బీరువాను తెరచి చూచినవారికి ఒక సంగతి తెలిసియే ఉంటుంది. ప్రవేశాల రిజిస్టరు ఒకటి, రుసుముల రశీదు పుస్తకం ఒకటి, స్కాలర్‌షిప్పుల జాబితా ఒకటి, గ్రంథాలయపు పద్దు ఒకటి. ఉర్దూ విభాగం వారి హాజరుపట్టీ ఉర్దూలోను, తెలుగు విభాగం వారిది తెలుగులోను, ప్రభుత్వానికి పంపే ప్రతి ఇంగ్లీషులోను ఉంటాయి. ఒకే విద్యార్థి ఇన్ని పుస్తకాలలో ఇన్ని రూపాలతో నివసిస్తున్నాడు. వీటినన్నిటిని కంప్యూటరులోనికి ఎక్కించి, ఏ వివరం కావలసినా ఒక్క ప్రశ్నతో రాబట్టుకొనవలెనని కమిటీ పెద్దలు సంకల్పించినారు. సంకల్పం మంచిది. దానిని నేను ఆక్షేపించుట లేదు. అయితే ఆ ఒక్క ప్రశ్నను ఎట్లు అడుగవలెననే విషయంలో నాకొక పట్టుదల ఉన్నది. దానిని పెద్దల యెదుట, విద్యార్థుల యెదుట ఉంచుటకే ఈ వ్యాసం.

పట్టికలను ప్రశ్నించే ఈ విద్యకు మూలపురుషుడు ఎడ్గార్ ఎఫ్. కాడ్. ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో సాన్ హోసే నగరంలోని ఐ.బి.ఎం. పరిశోధనశాలలో పనిచేసిన గణితవేత్త. 1970 జూన్‌లో ప్రకటించిన ఒక వ్యాసంలో ఆయన, సమాచారమంతటిని వరుసలు, నిలువు గడులు గల సామాన్యమైన పట్టికలుగా ఉంచవలెనని ప్రతిపాదించినాడు. అంతకుముందు కంప్యూటరులో ఒక వివరం కావలెనంటే అది ఏ దారిన, ఏ మూలన దాగియున్నదో ప్రోగ్రాము వ్రాసేవానికి తెలిసి యుండవలెను. కాడ్ చెప్పినది వేరు: కావలసినదేమో చెప్పుము, దారి యంత్రమే వెదకుకొనును. 1974లో చాంబర్లిన్, బాయ్స్ అను ఇద్దరు ఈ భావానికి ఒక భాషను సమకూర్చినారు. అదే నేటి ఎస్.క్యు.ఎల్. 1981లో కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారం లభించినది. 1986లో ఈ భాషకు అమెరికా ప్రమాణసంస్థ వారి ఆమోదముద్ర పడినది.

యంత్రం క్రొత్తదే గాని పని క్రొత్తది కాదు. మన కరణాలు 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యే వరకు ఏటేటా చేసినది ఇదే. అడంగలు సర్వే నంబరు వరుసన నడుస్తుంది: ఏ నంబరులో ఎంత విస్తీర్ణం, ఏ పైరు, సాగు ఎవరిది. నేడు 1-బి అంటున్న లెక్క ఖాతా వరుసన నడుస్తుంది: ఏ పట్టాదారుకు ఏ ఏ నంబర్లు. జమాబంది నాడు అధికారి ఊరి లెక్కలన్నిటిని ఎదుట పెట్టించుకొని ఒకదానితో ఒకటి సరిచూచేవాడు. జమాబంది, ఖాతా, దాఖలా, హాజరు, రశీదు, బాకీ. ఈ మాటలన్నీ ఉర్దూ చదివే మన మిత్రులకు ఇంటి మాటలే. కదిరి తాలూకా రైతుకు కూడ ఇంటి మాటలే.

పట్టికలను కలుపుటకు రెండు పద్ధతులున్నవి. ఒకదాని క్రింద ఒకటి పేర్చుట మొదటిది. దీనిని యూనియన్ అంటారు. ఒకదాని ప్రక్క ఒకటి నిలిపి, ఉమ్మడిగా ఉన్న ఒక గుర్తు ఆధారంగా వరుసకు వరుసను జతచేయుట రెండవది. ఇది జాయిన్. ఉర్దూ విభాగపు జాబితా క్రింద తెలుగు విభాగపు జాబితాను చేర్చి మొత్తం కళాశాల జాబితా తయారు చేస్తే అది యూనియన్. ప్రవేశాల రిజిస్టరులోని విద్యార్థి ప్రక్కన అతడు కట్టిన రుసుమును చూపిస్తే అది జాయిన్. పదవ తరగతి చదివినవానికైనా ఇంతవరకు అర్థమవుతుంది. చిక్కులు దీని తరువాతనే.

యూనియన్ అనే మాట ఒక్కటే వ్రాస్తే యంత్రం ఒకే విధంగా ఉన్న వరుసలను రెండవసారి చూపదు. పేరు, ఊరు, తరగతి అను మూడు గడులతో రెండు విభాగాల జాబితాలను కలిపినామనుకొందాం. నల్లమాడ నుండి వచ్చే ఇద్దరు బాలికల పేర్లు ఒక్కటే, తరగతి ఒక్కటే అయితే ఫలితంలో ఒక్కరే మిగులుతారు. రెండవ బాలిక ఏ జాబితాలోనూ తప్పిపోలేదు, కలిపిన జాబితాలోనే తప్పిపోయినది. ఉన్నది ఉన్నట్లు రావలెనంటే యూనియన్ ఆల్ అని వ్రాయవలెను. ఇంకొకటి. యూనియన్ గడుల పేర్లను చూడదు, వాటి స్థానాన్ని మాత్రమే చూస్తుంది. ఒక జాబితాలో రెండవ గడి తండ్రి పేరు, రెండవ జాబితాలో రెండవ గడి ఊరి పేరు అయినచో యంత్రం ఎదురు చెప్పదు. రెండూ అక్షరాలే కదా! అప్పుడు ఊళ్ళ సరసన తండ్రులు నిలబడతారు. ఇది చూడగానే కంటికి కనబడే తప్పు గనుక అంత ప్రమాదకరం కాదు.

జాయిన్‌లో జరిగే తప్పు కంటికి కనబడదు. ఒక విద్యార్థి 500 రూపాయల చొప్పున మూడు వాయిదాలలో 1,500 రూపాయల రుసుము కట్టినాడు. అతడే గ్రంథాలయం నుండి నాలుగు పుస్తకాలు తీసుకొన్నాడు. ఈ మూడు పట్టికలను ఒక్క ప్రశ్నలో కలిపి, అతడు కట్టిన మొత్తమెంత అని అడుగుదము. మూడు రశీదులలో ప్రతి ఒక్కటి నాలుగు పుస్తకాలతోను జతపడి పన్నెండు వరుసలవుతాయి. యంత్రం ఏమాత్రం జంకక 6,000 రూపాయలని చెబుతుంది. కూడికలో తప్పు లేదు, తప్పు ప్రశ్నలోనే ఉన్నది. రశీదులను విద్యార్థివారీగా ముందే మొత్తం కట్టి, ఒక్కొక్కనికి ఒక్క వరుసగా చేసికొని, తరువాత జత చేయవలెను. ఈ సూత్రం తెలియక ఎన్ని కార్యాలయాలలో లెక్కలు ఉబ్బినవో ఎవరు చెప్పగలరు? ఉబ్బిన లెక్కను ఎప్పుడో ఒకప్పుడు ఆడిటరు పట్టుకొంటాడు. తరిగిన జాబితాను పట్టుకొనేవాడు మాత్రం లేడు. నా బాధ అంతా దానిని గురించియే.

జాయిన్ చేయునప్పుడు రెండు పట్టికలలోను గుర్తు సరిపడినవారే ఫలితంలో మిగులుతారు. సరిపడనివారు ఎగిరిపోతారు. ఎగిరిపోయినారన్న కబురు కూడ రాదు. మరి మన ప్రాంతంలో ఆ గుర్తుగా సాధారణంగా దేనిని వాడుతున్నారు? పేరును.

పేరు సంగతి మన కళాశాల వారికి తెలిసినంతగా మరెవరికి తెలుసును? ఉర్దూలో జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలున్నవి. తెలుగులో వ్రాసేసరికి నాలుగూ 'జ' అవుతాయి. జీమ్ కూడ 'జ'యే. సీన్, స్వాద్, సే మూడూ 'స' అవుతాయి. ఖాఫ్‌ను ఒక గుమాస్తా 'క' అంటాడు, ఒకడు 'ఖ' అంటాడు. ఒకే బిడ్డ ఖాసింవలి, కాశింవలి, ఖాసీం వలీ అవుతాడు. ఇంగ్లీషులో క్యూతో మొదలైన పేరు, కె అక్షరంతో మొదలైన పేరు, కె, హెచ్ కలిపి వ్రాసిన పేరు అని మూడు తీరులు. పైగా ఆంధ్రదేశపు రికార్డులలో షేక్, సయ్యద్, పఠాన్ అనునవి ఇంటిపేర్లయి కూర్చున్నవి. కనుక ఒకచోట 'ఎస్.' అని పొడి అక్షరం, ఒకచోట షేక్ ముందు, ఒకచోట షేక్ వెనుక. ఇది ముస్లిముల కష్టం మాత్రమే అనుకొనరాదు. పెనుకొండ బాబయ్య దర్గాకు మ్రొక్కుకొని బిడ్డను కన్న హిందూ కుటుంబాలలో ఫకీరప్ప, మస్తానప్ప అను పేర్లు మన సీమలో కొల్లలు. వారి పేర్లు కూడ ఇంతే విధాలుగా వ్రాయబడుచున్నవి.

శబ్దాన్నిబట్టి పేర్లను పోల్చే ఉపాయాలు లేకపోలేదు. సౌండెక్స్ అను పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంటు లభించినది. పేరులోని మొదటి అక్షరాన్ని ఉంచి, తక్కిన హల్లులను అంకెలుగా మార్చి, అచ్చులను విడిచిపెట్టుట దాని తీరు. అది ఇంగ్లీషు నాలుకకు కుట్టిన చొక్కా. కుతూహలంకొద్దీ మన పేర్లను దానిలో వేసి చూచినాను. కె అక్షరంతో వ్రాసిన ఖాసిం కె-250 అయినాడు. క్యూతో వ్రాసిన ఖాసిం క్యూ-250 అయి వేరైపోయినాడు. కిషన్ మాత్రం కె-250! అనగా ఆ లెక్కలో ఖాసిం తనకు తాను పరాయివాడు, కిషన్‌కు మాత్రం కవల సోదరుడు.

పుట్టిన తేదీని జోడిస్తే సరిపోదా అని అడుగవచ్చును. బడిలో చేర్చునాడు హెడ్మాస్టరుగారు తోచినట్లుగా జూలై 1 అని వ్రాసినవారు మన తల్లిదండ్రుల తరంలో ఎందరో ఉన్నారు. ఆధార్‌లో వయస్సు మాత్రమే తెలిసినవారికి జనవరి 1 పడినది. ఊరు, జిల్లా జోడిస్తే? నల్లమాడ కథ వినుడు. కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలోనిది, తరువాత అనంతపురం జిల్లాలోనిది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. నల్లమాడ పేరుతో ఉన్న శాసనసభ నియోజకవర్గం 2008 పునర్విభజనలో రద్దయి పుట్టపర్తి నియోజకవర్గం ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4 నుండి మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. మా వేరుశెనగ చేలు అంగుళం కదలలేదు, వాన కూడ ఎప్పటివలెనే కురవలేదు, పట్టికలో మాత్రం మేము మూడు జిల్లాలు తిరిగినాము. జిల్లా పేరు కూడ సరిపడవలెనని ప్రశ్నలో ఒక షరతు చేర్చితిరా, 2022కు ముందు చేరిన నల్లమాడ విద్యార్థి ఒక్కడూ ఫలితంలో కనబడడు.

నా స్వానుభవం ఒకటి. నేను చదువుకొనే రోజులలో ఒక సంవత్సరం నా స్కాలర్‌షిప్పు రాలేదు. కార్యాలయానికి పోతే నా పేరు జాబితాలో ఉన్నదన్నారు. డబ్బు ఇచ్చేచోటికి పోతే లేదన్నారు. ఇద్దరూ సత్యమే చెప్పినారు. ఒకచోట నా పేరులో 'బాషా' అని, మరొకచోట 'పాషా' అని ఉన్నది. మా నాయన ఆ ఏడు పని కొరకు బెంగుళూరికి పోయి యుండగా, మా అమ్మ నల్లమాడ నుండి నాలుగుసార్లు బస్సు ఛార్జీలు పెట్టుకొని తిరిగినది. నన్ను ఎవరూ అనర్హునిగా తీర్మానించలేదు. తీర్మానించి యుంటే కాగితం మీద కారణం వ్రాసేవారు, దానికి సమాధానం చెప్పుకొనేవాడిని.

ఖాళీ గడి గురించి కూడ చెప్పవలెను. ఎస్.క్యు.ఎల్.లో ఖాళీని నల్ అంటారు. నల్ అంటే సున్న కాదు, తెలియదని అర్థం. తెలియనిది తెలియనిదానితో సమానమని యంత్రం ఒప్పుకొనదు. కనుక రెండు పట్టికలలోను ప్రవేశ సంఖ్య వ్రాయని విద్యార్థి తనతో తాను జతపడడు. ఇంతకంటె విపరీతం మరొకటి కలదు. "స్కాలర్‌షిప్పు జాబితాలో ప్రవేశ సంఖ్య లేనివారెవరు?" అని నాట్ ఇన్ అను మాటతో అడిగినామనుకొనుడు. ఆ జాబితాలో ఒకే ఒక్క వరుసలో ప్రవేశ సంఖ్య ఖాళీగా ఉన్నను, ఆ తెలియని సంఖ్య ఎవరిదైనా కావచ్చునని తలచి యంత్రం ఒక్కరి పేరునైనా చూపదు. నూరుమందికి స్కాలర్‌షిప్పు అందకున్నా జవాబు శూన్యంగా వస్తుంది. ఆ జవాబును చూచిన అధికారి అందరికి అందినదని సంతోషిస్తాడు! నాట్ ఎగ్జిస్ట్స్ అని అడిగితే ఈ ప్రమాదం తప్పుతుంది. ప్రశ్న వ్రాసేవారు ఇటువంటి చిన్న విషయాలు నేర్చుకొనక పోవుట నేరమని నా అభిప్రాయం.

కళాశాల గడప దాటి చూచినను ఇదే కథ. తెలంగాణలో ప్రభుత్వంవారు సమగ్ర వేదిక అను ఏర్పాటు ద్వారా అనేక శాఖల పట్టికలను కలిపి, పేరు, చిరునామా వంటి వాటి పోలికలనుబట్టి ఎవరికి వాహనమున్నదో, ఎవరికి ఆస్తి ఉన్నదో తేల్చినారు. పేరు పోలిన మరొకని కారు పేదవాని లెక్కలో పడిన ఉదంతాలు బయటికి వచ్చినవి. రద్దయిన సుమారు 19 లక్షల రేషను కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించవలెనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చినది. అక్కడ జరిగినది తప్పుడు జత. మన కౌలురైతు విషయంలో జరుగుచున్నది జత లేకపోవుట. పంట నష్టం లెక్కను పట్టాదారుల లెక్కతో జత చేసినంతకాలం, చేను దున్ని విత్తనం వేసినవాడు ఆ రెండవ పట్టికలో ఉండనే ఉండడు. 2011 చట్టంలో రుణ అర్హత కార్డు, 2019 చట్టంలో సాగుదారు హక్కు కార్డు అని అతని కొరకు వేరొక పట్టికను ఏర్పరచినారు. 2019 నాటి కార్డుకు భూయజమాని సంతకం కావలసి వచ్చినది. యజమాని సంతకం చేయనిచో కౌలుదారు ఆ పట్టికలోనికి కూడ రాడు.

ఇట్లు చెప్పినందున పట్టికలను కలుపనే వద్దని నా వాదమని ఎవరైనా అనుకొనవచ్చును. కాదు. కలుపుటవలన పేదవానికి మేలు జరిగిన నిదర్శనం మన పాత జిల్లాలోనే ఉన్నది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైనది నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకపు పనుల మీద మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు జరిగినవి. 2009లో దానికొరకే ఒక సంస్థను కూడ ఏర్పరచినారు. కూలీల ఇండ్ల యువకులే మస్టరు ప్రతులను చేతబట్టుకొని ఇంటింటికి పోయి, మస్టరులోని దినాలను, జాబ్ కార్డులోని దినాలను, పాసుపుస్తకంలోని సొమ్మును పోల్చి చూచినారు. మూడు పట్టికల జాయినే కదా అది! కాని వారు సరిపడినవారిని చూచి ఊరకుండలేదు. మస్టరులో ఉండి ఊరిలో లేనివాడెవడు, పని చేసి మస్టరులో లేనివాడెవడు అని రెండు వైపుల మిగిలినవారినీ వెదకినారు. గ్రామసభలో చదివి వినిపించినారు. దొంగ పేర్లు అక్కడనే పట్టుబడినవి, అన్యాయమైనవాడు అక్కడనే లేచి నిలబడినాడు. ఎస్.క్యు.ఎల్.లో దీనిని ఫుల్ అవుటర్ జాయిన్ అంటారు. అక్షరం రాని ముసలమ్మ కూడ ఆ సభలో దానిలో పాలుపంచుకొన్నది.

కనుక కమిటీ వారికి నా మనవి ఇది. విద్యార్థి చేరిన దినాన ఇచ్చే ప్రవేశ సంఖ్యను అతని చదువు ముగిసేవరకు మార్చరాదు. రశీదు మీద, గ్రంథాలయపు చీటీ మీద, స్కాలర్‌షిప్పు దరఖాస్తు మీద ఆ సంఖ్య లేనిదే కాగితం తీసుకొనరాదు. పేరు ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో మూడు గడులలోను ఉండవలెను. కాని అది మనిషిని పిలుచుటకే, పట్టికలను కలుపుటకు కాదు. ఏ జాబితా తయారు చేసినను ప్రవేశాల రిజిస్టరును ఎడమవైపున నిలిపి లెఫ్ట్ జాయిన్‌తోనే అడుగవలెను. అప్పుడు జత దొరకనివారు ఎగిరిపోక, ఎదుట ఖాళీ గడితో నిలిచి ఉంటారు. వారి పేర్లు వేరొక కాగితం మీద తీసి, అసలు జాబితాతో బాటు ప్రిన్సిపాలుగారి సంతకానికి పెట్టవలెను. ఆ రెండవ కాగితం లేనిదే మొదటిదాని మీద సంతకం పడరాదు.

ఆ రెండవ కాగితాన్ని నోటీసు బోర్డు మీద అంటించవలెనని ఒక మిత్రుడు అన్నాడు. గ్రామసభలో చదివినారు కదా అని అతని వాదం. నేను ఒప్పుకొనలేదు. కూలి డబ్బు ఊరందరి లెక్క. ఒక బాలిక తండ్రి ఆదాయమెంత, ఆమెకు ఫీజు కట్టగల శక్తి ఉన్నదా లేదా అనునది ఆమె స్వవిషయం. వ్యక్తి ఆంతరంగికత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పియున్నది. తరగతి ఉపాధ్యాయుడు పిలిచి అడిగితే చాలును. అదే కారణంగా, అవసరం లేని పట్టికలను కలుపనే రాదు. గ్రంథాలయంలో ఎవరు ఏ పుస్తకం చదివినారో స్కాలర్‌షిప్పు గుమాస్తాకు ఏల?

గుమాస్తాలు తక్కువ, ఆ మిగిలినవారి జాబితా చాంతాడంత వచ్చును, ఎవరు సరిచూతురు అని కొందరు పెద్దలు సంశయిస్తున్నారు. మొదటి ఏడు అట్లే వచ్చును. అందులో సగం గుమాస్తా చేతితప్పులే అయి యుండును. వాటిని దిద్దితే మరుసటి ఏడు ఆ జాబితా తగ్గుతుంది. మన కంప్యూటరు విద్యార్థులకు దీనికంటె మంచి ప్రాజెక్టు పని నేను చూపలేను. వారిలో ఉర్దూ చదువగలవారు ఒకరు, తెలుగు చదువగలవారు ఒకరు జతగా కూర్చుంటే, యంత్రానికి తెలియని బాషా, పాషాల సంగతి ఒక పూటలో తేలుతుంది.

రానున్న సంవత్సరపు ప్రవేశ దరఖాస్తులు త్వరలో అచ్చుకు పోనున్నవని విన్నాను. పాత ఫారంలో పేరుకు ఒక్క గడియే ఉన్నది, అదియు ఇంగ్లీషుకు. ప్రెస్సువారికి పంపకముందు దానిని మూడు గడులుగా మార్చించి, పైన కుడివైపున ప్రవేశ సంఖ్యకు చోటు విడిపించవలెనని కోరుచున్నాను. కాగితం ఖర్చు పెరుగదు. వెనుక పుట ఇప్పటికి ఖాళీగానే ఉన్నది.